ఎవరి పాలు ఎవరి చేతిలో?
(కార్తికమాస ప్రవచనాల సందర్భంగా కామారెడ్డిలో చేసిన ప్రసంగ పాఠం)



గత వారం ఇదే మండపంలో కర్మ సిద్ధాంతం మీద నాలుగు మాటలు చెప్పి కిందికి దిగుతున్నాను. ప్రసాదం వరుసలో నిలుచున్న ఒక విద్యార్థిని నన్ను ఆపి, "తాతగారూ, ఇంగ్లీషు నిఘంటువులో కిస్మెట్ అనే మాట చూశాను. విధి అని అర్థం రాశారు. అది మన ఊళ్ళో అనే కిస్మత్ మాటేనా? మనది వాళ్ళు తీసుకున్నారా, వాళ్ళది మనకు వచ్చిందా?" అని అడిగింది. అప్పటికి "అవునమ్మా, ఆ మాటే" అని చెప్పి వచ్చేశాను. ఇంటికి వెళ్ళిన తరువాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ఒక్క మాటతో నాకు పాత బాకీ ఒకటి ఉన్నది. ఈ రోజు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు మీకు విన్నవించి, ఆ బాకీ సంగతి కూడా మీ ముందు పెట్టాలని సంకల్పించాను.

మన ప్రాంతంలో ఈ మాట వినని చెవి ఉండదు. కామారెడ్డి గంజిలో బెల్లం ధర పడిపోతే "మన కిస్మత్" అంటారు. ఎల్లారెడ్డి బస్టాండులో బస్సు తప్పిపోతే "కిస్మత్ బాగలేదు" అంటారు. మొన్న 2025 ఆగస్టు చివర కుంభవృష్టి కురిసి, వీధులు వాగులై, రైలు మార్గం కోసుకుపోయినప్పుడు ఎందరి నోటనో ఇదే మాట విన్నాను. కొందరు కిస్మత్ అన్నారు, కొందరు నసీబు అన్నారు, కొందరు ఖర్మ అన్నారు, కొందరు తలరాత అన్నారు. మాటలు నాలుగు, నిట్టూర్పు ఒకటే.

ఈ ఉర్దూ మాటలు మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చాయో పెద్దలకు తెలుసు. 1948 వరకు ఈ సీమ హైదరాబాదు సంస్థానంలో ఉన్నది. కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. మా తండ్రిగారు ఇంట్లో అమరకోశం వల్లించి, బడికి వెళ్ళి ఉర్దూలో లెక్కలు నేర్చుకున్న తరం వారు. ఆయన నాకు ఎక్కాలు చెప్పేటప్పుడు భాగహారాన్ని "తక్సీం" అనేవారు. ఆ తక్సీం, ఈ కిస్మత్ ఒకే తల్లి బిడ్డలని చాలా కాలం నాకు తెలియదు.

అరబ్బీ భాషలో మాటలన్నీ సాధారణంగా మూడు హల్లుల ధాతువుల నుంచి పుడతాయి. మనకు ధాతుపాఠం ఎట్లాగో, వారికి ఆ మూడక్షరాల మూలం అట్లాగు. క, స, మ అనే మూడు హల్లుల మూలానికి పంచుట, విభజించుట అని అర్థం. దాని నుంచి పుట్టినది తక్సీం, అంటే పంపకం, భాగహారం. దాని నుంచి పుట్టినదే కిస్మత్. ఆ మాటకు మొదటి అర్థం విధి కాదు, "పంచగా వచ్చిన పాలు". "ఇదొక కిసం మనిషి" అని మనవాళ్ళంటారే, ఆ కిసం కూడా అక్కడిదే. విభాగం, రకం అని అర్థం. భూమి పన్నుకు కట్టే కిస్తు మాత్రం వేరే మూలానిది. ధ్వని దగ్గరగా ఉన్నదని చుట్టరికం కలుపరాదు.

ఆ మాట అరబ్బీ నుంచి పారసీకానికి, తుర్కీ భాషకు, మన ఉర్దూకు వ్యాపించింది. తుర్కీ దేశంలో తిరిగిన ఆంగ్లేయులు దానిని తమ భాషలోకి తీసుకుపోయారు. ఆంగ్ల గ్రంథాలలో అది 1830ల నుంచి కనిపిస్తుంది. కనుక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇది: ఇంగ్లీషు వారి నుంచి మనకు రాలేదు, మన నుంచి వారికి పోలేదు. ఒకే ఇంటి నుంచి రెండు దారులలో రెండు ఊళ్ళకు చేరింది.

దీని మీద ఒక వినోదమైన వాదం ఉన్నది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో గాయపడి మరణించిన ఆంగ్ల నౌకాధిపతి నెల్సన్, చివరి ఘడియలలో తన సహచరుడైన హార్డీని ముద్దు పెట్టమని అడిగాడని అక్కడున్న వారు రాశారు. ఆ మాట కొందరికి చిన్నతనంగా తోచి, ఆయన అన్నది "కిస్మెట్, హార్డీ" అని, అంటే "ఇది విధి" అని, తరువాత సవరించి చెప్పారు. అయితే ఆ మాట ఇంగ్లీషులో కనిపించేది అప్పటికి పాతికేళ్ళ తరువాత. పైగా హార్డీ వంగి ఆయనను ముద్దు పెట్టుకున్నాడని కూడా రాసి ఉన్నది. మరణించే మనిషి ఆప్యాయత కోరడంలో లోకానికి కనిపించిన లోపమేమిటో నాకు తెలియదు గాని, మనిషి హృదయం అడిగినదాన్ని కూడా విధి ఖాతాలో వేయడం లోకానికి అలవాటు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి. చివరలో పనికి వస్తుంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. కిస్మత్ అంటే పాలు అని తెలిసిన వెంటనే సంస్కృతం చదివిన వాడి మనసులో మెరిసే మాట భాగ్యం. భజ్ అనే ధాతువుకు ధాతుపాఠంలో సేవ అనే అర్థం చెప్పారు. వేదభాషలో దానికి పంచుట, పాలు పొందుట, పాలు పంచుకొనుట అనే అర్థాలు ప్రసిద్ధం. దాని నుంచి భాగం వచ్చింది. భాగం నుంచి భాగ్యం, భాగధేయం వచ్చాయి. అమరసింహుడు తన కోశంలో కాలవర్గంలో దైవానికి పర్యాయపదాలు చెబుతూ ఈ రెండింటినీ చేర్చాడు. మా తండ్రిగారి నోట తక్సీం ఎక్కడ ఉన్నదో, నా నోట భాగహారం అక్కడే ఉన్నది. తక్సీం పక్కన కిస్మత్, భాగహారం పక్కన భాగ్యం. అరబ్బీ వేరే భాషాకుటుంబం, సంస్కృతం వేరే కుటుంబం. ఈ రెంటికీ రక్తసంబంధం లేదు. అయినా రెండు జాతుల వారు మనిషి జీవితంలో తనకు లభించినదాన్ని చూసి ఒకే మాట అన్నారు: "ఇది నా పాలికి వచ్చింది."

నసీబు అనే మాట చూడండి. దానికీ అరబ్బీలో పాలు, వంతు అనే అర్థం. తక్దీర్ అంటే కొలిచి ఇచ్చినది. గ్రీకు వారు విధిదేవతలను మొయిరలు అన్నారు. ఆ మాటకూ పాలు అనే అర్థం. ఆ ముగ్గురిలో ఒకామె నూలు వడుకుతుంది, ఒకామె ఎవరి పాలు ఎంతో నిర్ణయిస్తుంది, ఒకామె తెంచుతుంది. ఇంగ్లీషులో లాట్ అంటే చీటీ. చీటీ వేసి పంచగా వచ్చిన వాటాకూ అదే పేరు, మనిషి తలరాతకూ అదే పేరు. లాటరీ దాని బంధువే.

అచ్చ తెనుగులో? మనకూ ఉన్నది. "అగ్గిపాలు, నీళ్ళపాలు, అప్పులపాలు, నవ్వులపాలు" అంటాం. అక్కడ పాలు అంటే వాటాయే. మన పల్లెలలో దాయాదులను పాలోళ్ళు అంటారు. వాటాలో హక్కు గలవారని భావం.

ఋగ్వేదంలో భగుడని ఒక దేవత ఉన్నాడు. ఆదిత్యులలో ఒకడు. ఆయన పని పంచడం, ఎవరికి చెందవలసిన సంపద వారికి అందించడం. ఆ భగ శబ్దం మీద మతుప్ ప్రత్యయం చేరి భగవత్ శబ్దం ఏర్పడింది. పురాణాలు దానికి ఐశ్వర్యాది షడ్గుణాలు గలవాడని అర్థం చెప్పాయి. అది మనకు శిరోధార్యం. ఆ అర్థం కింద ఇంకొక పాత అర్థం కూడా వెలుగుతూ ఉంటుంది: భగవంతుడు పంచేవాడు. పాత పారశీకంలో బగ అంటే దేవుడు. బాగ్దాద్ నగరం పేరుకు "దేవుడిచ్చినది" అని చాలామంది భాషావేత్తలు అర్థం చెబుతారు. 762లో ఖలీఫా అల్ మన్సూర్ అక్కడ రాజధాని కట్టించక ముందే ఆ చోటికి ఆ పేరు ఉన్నది. 1911లో ఒక రచయిత కిస్మెట్ అనే నాటకం రాసి, కథను బాగ్దాదులోనే నడిపించాడు. పాలు అనే మాట పేరుగా గల కథ, పంచే దేవుడి పేరు గల నగరంలో జరిగిందన్నమాట!

భజ్ ధాతువు అక్కడితో ఆగలేదు. దాని నుంచే భక్తి వచ్చింది, భక్తుడు వచ్చాడు. భక్తుడంటే పాలు పొందినవాడు, పాలు పంచుకున్నవాడు. సంస్కృతంలో భక్తం అంటే అన్నం అని కూడా అర్థం. ఉత్తరాది వారి భాత్ ఆ మాట నుంచి వచ్చినదే. పంచేవాడు భగవంతుడు, పంచబడినది భక్తం, పాలు పొందినవాడు భక్తుడు, పొందిన పాలు భాగ్యం. నాలుగూ ఒకే విస్తరిలోవి.

ఈ పాలు అనే భావన గ్రంథాలలో పుట్టలేదు. కల్లంలో పుట్టింది. మా చిన్నతనంలో ఎల్లారెడ్డి వైపు పల్లెలలో వరి కోతలయ్యాక కల్లంలో ధాన్యం తూర్పారబట్టి కుప్ప పోసేవారు. ఆ కుప్ప ఇంటికి చేరే లోపల దానికి చాలామంది హక్కుదారులు ఉండేవారు. నాగలి చెక్కిన వడ్రంగి, కర్రు సాగగొట్టిన కమ్మరి, బట్టలుతికిన చాకలి, కుండలిచ్చిన కుమ్మరి, నీరు కట్టిన నీరటి, అందరూ వచ్చి నిలిచేవారు. వారికి కొలిచి ఇచ్చేదాన్ని మేర అనేవారు. అది భిక్ష కాదు. రైతు దయతలచి వేసేది కాదు. ఏడాది పొడుగునా వారు చేసిన పనికి కుప్పలో ముందే ఉన్న పాలు. అయితే ఆ పాలు వారి ఇంటికి దానంతట అది నడిచి పోదు. కుంచం పట్టుకున్న వాడి చేయి కదలాలి. ఆ చేయి నిండుగా కొలిస్తే ఒకరి ఇంట పండుగ. వెలితిగా కొలిస్తే పస్తు. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని నేను అనను. కొలిచే చేయి ఎప్పుడూ కొందరిదే, చాచే చేయి ఎప్పుడూ కొందరిదే. కుప్ప నిజాయితీగా ఉన్నా కుంచం నిజాయితీగా ఉండకపోవచ్చు.

నీటి సంగతీ అంతే. ఎల్లారెడ్డికి దాపునే నిజాంసాగర్ ఉన్నది. 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ ఆధ్వర్యంలో మంజీరకు అడ్డంగా కట్టారు. మంజీర అంతకు ముందూ పారింది. నీరు గోదావరిలో కలిసిపోయింది. కట్ట కట్టి, కాలువ తవ్వి, తూములు పెట్టిన తరువాతనే ఆ నీరు పాలుగా మారింది. ముందు తూము కింది రైతుకు ఇంత, చివరి తూము కింది రైతుకు ఇంత. చివరి పొలానికి నీరు చేరకపోతే ఆ రైతు ఆకాశం వైపు చూసి "కిస్మత్" అంటాడు. చూడవలసినది ఒక్కొక్కసారి ఆకాశం వైపు కాదు, పై తూము వైపు. ముంపులో ఊళ్ళు పోయినవారు కూడా తమ విధి అనే అనుకొని ఉంటారు. వారు విడిచిన నేల మీద నిలిచిన నీటితోనే మన మెతుకు పండింది. ఒకరి పాలు ఇంకొకరి పళ్ళెంలోకి వచ్చిందని తెలిసి తినడం కృతజ్ఞత. తెలియక తినడం అజ్ఞానం.

విధిని చెప్పే మాటలన్నీ పంపకాన్నే చెప్పవు. ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉన్న ఫేట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దానికి "పలుకబడినది" అని అర్థం. దేవతలు పలికిన తీర్పు. మన భణ ధాతువుకు అది బంధువని భాషావేత్తలు చెబుతారు. ఇన్‌ఫెంట్ అంటే పసిబిడ్డ అని మీకు తెలుసు; "ఇంకా పలుకలేనివాడు" అని దాని మూలార్థం, ధాతువు అదే. డెస్టినీ అంటే గట్టిగా నిలిపినది. మన స్థా ధాతువుకు చుట్టం. గమ్యాన్ని చెప్పే డెస్టినేషన్ దాని తోబుట్టువు. యాత్రికులైన మీరు రైలు టిక్కెట్టు మీద చదివే మాట అది. ఇప్పుడు వింత అనే అర్థంలో వాడే వియర్డ్ అనే మాట పాత ఇంగ్లీషులో విధికి పేరు. "తిరిగి తిరిగి వచ్చి పడేది" అని భావం. మన వృత్, వర్తతే అనే రూపాలకు జ్ఞాతి. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో ఒకే మూలం ఉండి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించినప్పటి నుంచి ఈ చుట్టరికాలు పండితులు వెదుకుతూనే ఉన్నారు.

అన్నిటిలో నన్ను నిలువరించినది డూమ్ అనే మాట. ఇప్పుడు దానికి వినాశం అని అర్థం. పాత ఇంగ్లీషులో శాసనం, తీర్పు, "పెట్టబడిన కట్టడ" అని అర్థం. 1086లో ఇంగ్లండులో భూములను లెక్కించి రాసిన గ్రంథానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు. అందులో రాసినది తుది తీర్పు అంత కచ్చితమని ప్రజలు అట్లా పిలిచారు. దాని మూలం మన ధా ధాతువుతో ఒకటి. ధా అంటే ఉంచుట, పెట్టుట. దానికి వి అనే ఉపసర్గ చేరితే విధానం, విధాత, విధి.

అంటే డూమ్, విధి సోదరులు. అయితే ఒక సోదరుడు వినాశం వైపు పోయాడు. మన సోదరుడు రెండు ఇళ్ళ కాపురం చేస్తున్నాడు. మీమాంసాశాస్త్రంలో విధి అంటే "ఇది చేయుము" అనే వేదాజ్ఞ. లోకంలో విధి అంటే తప్పించుకోలేనిది. నేటికీ మన ఉద్యోగులు "విధులకు హాజరయ్యాను" అంటారు. విధి నిర్వహణ అంటారు. ఎవరూ అక్కడ తలరాత అని అర్థం చేసుకోరు. నాకు వచ్చిపడినది విధి, నేను చేయవలసినదీ విధి. ఈ రెండర్థాలను ఒకే మాటలో పెట్టిన మన భాష పెద్ద ఉపకారం చేసింది. మనం మొదటి అర్థాన్ని పట్టుకొని రెండవదాన్ని జారవిడిచాము.

ఇట్లాగే అదృష్టం. అది కనబడనిది అని మాత్రమే అర్థం. చేసిన కర్మకు ఫలం వెంటనే రాకపోతే, ఆ కర్మకూ ఫలానికీ నడుమ కనబడకుండా నిలిచే సంస్కారాన్ని శాస్త్రకారులు అదృష్టం అన్నారు. అందులో మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. మనం దానిని లాటరీ తగలడంగా చేశాము. ప్రారబ్ధం అంటే ఆరంభమైనది. ఇంకా ఆరంభం కానిది, ఇప్పుడు చేయబోయేది ఎంతో ఉన్నదని ఆ మాటలోనే తెలుస్తుంది. మనం దానిని తిట్టుగా చేశాము. యాజ్ఞవల్క్యస్మృతి దైవాన్నీ పురుషప్రయత్నాన్నీ రథానికి రెండు చక్రాలుగా చెప్పింది. ఒక్క చక్రంతో రథం కదలదని భావం. వాన పడడం దైవం. వాగు దారిలో గోడ కట్టడం, చెరువు తూము పూడ్చడం దైవం కాదు. రెండవదాన్ని మొదటిదాని మీద వేయడం మన బద్ధకం.

ఇంతవరకు శబ్దవిచారం. ఇక నా బాకీ.

1986 ప్రాంతంలో నేను ఎల్లారెడ్డి వైపు ఒక ఉన్నత పాఠశాలలో పండితుడిగా పనిచేస్తున్నాను. పదవ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తల్లి బీడీలు చుట్టేది. తండ్రి గల్ఫుకు వెళ్ళి ఏడాదిన్నరగా ఉత్తరం లేదు. పిల్లవాడికి ధారణ ఎక్కువ. రామ శబ్దం ఒకసారి చెబితే ఏడు విభక్తులూ తడబడకుండా అప్పజెప్పేవాడు. సంస్కృతం మా ఇంటి సొత్తు అనుకునే నాకు, ఆ పిల్లవాడి నోట ఆ శబ్దం పలికినప్పుడు ఆశ్చర్యంగా ఉండేది.

పరీక్ష రుసుము కట్టవలసిన చివరి రోజు. సాయంత్రం వాడు నా బల్ల దగ్గరకు వచ్చి నిలిచాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "సార్, అమ్మ దగ్గర సగమే ఉన్నయి" అన్నాడు. అంతే అన్నాడు. ఇమ్మని అడగలేదు. ఆ మిగిలిన సగం నా ఒకరోజు జీతానికి సరిపోదు. నా జేబులో డబ్బు ఉన్నది. ఆ రోజు ఇంట్లో ఏదో పని, తొందర. నేను వాడి భుజం మీద చేయి వేసి, "విధి బలీయం నాయనా. వచ్చే ఏడు కట్టవచ్చులే" అని చెప్పి సైకిలెక్కాను. వాడు నాకు నమస్కారం చేశాడు.

రెండు నెలల తరువాత ఉగాదికి బట్టలు కుట్టించడానికి మాకు తెలిసిన దర్జీ దుకాణానికి వెళ్ళాను. ఆయన నమాజు తప్పని మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. దుకాణం మూలలో చాప మీద కూర్చొని ఆ పిల్లవాడు చొక్కాకు కాజాలు కుడుతున్నాడు. నేను చూసి నొచ్చుకొని, ఆయనతో మెల్లగా, "తెలివైన పిల్లవాడు. ఏం చేస్తాం, వాడి కిస్మత్ అట్లా ఉన్నది" అన్నాను.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "పంతులు సాబ్, మీరు చదువుకున్నోళ్ళు. నాకు తెలిసింది చెప్తున్న. కిస్మత్ అంటే హిస్సా. పైవాడు ఎవ్వని హిస్సా వాని చేతికే ఇయ్యడు. ఒక్కోసారి పక్కోని జేబుల పెట్టి, పొయ్యి ఇచ్చి రా అంటడు. మనం ఇయ్యకపోతే అది వాని కిస్మత్ ఎట్లయితది?" అన్నాడు.

నా సంగతి ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు. మూలలో పిల్లవాడు తల ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది. నాకు గుర్తున్నది ఆ ఆగిన సూది.

అమరకోశం కంఠస్థం చేసినవాణ్ణి నేను. భాగధేయానికి ప్రకృతి ప్రత్యయాలు విడదీసి చెప్పగలవాణ్ణి. ఆ మాటకు అర్థం మాత్రం ఆ రోజు ఆ దుకాణంలో తెలిసింది. మరునాడు ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్ళాను. గడువు దాటిపోయింది. పిల్లవాడి ఇంటికి వెళ్ళి వచ్చే ఏడు నేను కడతానన్నాను. తల్లి నన్ను గౌరవంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇప్పుడు వాడు తెచ్చే పైసలతోనే ఇల్లు నడుస్తుంది సారూ" అన్నది. కొన్నేళ్ళకు వాడు కూడా తండ్రి వెళ్ళిన దారినే వెళ్ళాడు.

చాలా కాలం తరువాత ఎల్లారెడ్డి బస్టాండులో ఒక నడివయసు మనిషి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను ఆనవాలు పట్టలేదు. తనే చెప్పుకున్నాడు. నవ్వుతూ, "సార్, రామ శబ్దం ఇప్పటికీ వస్తది" అని అక్కడే నిలబడి ప్రథమ నుంచి సప్తమి వరకు చెప్పాడు. ఎక్కడా తప్పు లేదు. "అంతవరకే చదివిన గదా సార్" అన్నాడు. రుసుము మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఏటా ఒక పిల్లవాడికో పిల్లకో పరీక్ష రుసుము కడుతున్నాను. దీనిని మీ ముందు దానంగా చెప్పుకోవడం లేదు. అది దానం కాదు. ఎవరి పాలో నా దగ్గర నిలిచిపోయింది. అసలు హక్కుదారుకు ఇవ్వలేకపోయాను, ఆ వరుసలో వచ్చిన వారికి ఇస్తున్నాను. అసలు తీరలేదు, వడ్డీ మాత్రం కడుతున్నాను.

ఈ క్షేత్రానికి వచ్చే యాత్రికులకు, ఈ సంస్థను పోషిస్తున్న దాతలకు నా మనవి ఒకటే. దయ అనే మాట కూడా పంపకం నుంచే వచ్చింది. దయ్ ధాతువుకు వేదంలో పంచియిచ్చుట అనే అర్థం ఉన్నది. పంచకుండా జాలిపడడం ఆ మాటకు తరువాత వచ్చిన బలహీనత. మీకు కష్టం వచ్చినప్పుడు కిస్మత్ అనుకోండి, భాగ్యం అనుకోండి, ప్రారబ్ధం అనుకోండి. మనసు నిలబడడానికి ఆ మాటలు పనికి వస్తాయి. మా వంటి వృద్ధులకు ఆ మాటలే ఊతకర్రలు. తన కష్టానికి ఆ మాట చెప్పుకుంటే ధైర్యం. ఎదుటివాడి కష్టానికి ఆ మాట చెబితే తప్పించుకోవడం. ఎదుటివాడి దగ్గర విధి అనే మాటకు రెండవ అర్థమే వాడాలి. "వాడి విధి" అనవద్దు. "నా విధి ఏమిటి?" అని అడుగుకోవాలి.

ఇక్కడ అన్నదానం జరుగుతున్నది. రోజూ వరుసలు కూర్చుంటున్నాయి. వడ్డించేవారికి ఒక మాట. మీరు పెట్టే మెతుకు మీది కాదు, దాత పంపినది. దాతలకు ఒక మాట. మీరు పంపినది మీది కాదు, పొలంలో వంగినవారిది, కాలువ తవ్వినవారిది, ముంపులో ఊరు విడిచినవారిది, వారందరి ద్వారా భగవంతుడిది. కూర్చొని తినేవారికి ఒక మాట. అది భిక్ష కాదు, తలవంచుకోవద్దు. భక్తం అంటే పాలు. మీ పాలు కొన్ని చేతులు దాటి మీ విస్తరిలోకి వచ్చింది. తిని లేచిన తరువాత మీ జేబు ఒకసారి తడిమి చూసుకోండి. అందులో ఎవరి పాలైనా ఉండి ఉండవచ్చు.

ఆ విద్యార్థిని ఈ రోజు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నది. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు చెప్పాను. నిఘంటువులో కిస్మెట్ పక్కన విధి అని రాసి ఉన్నది. అది సరైనదే. దాని కింద నీ చేతితో ఇంకొక అర్థం రాసుకో: "పక్కవారికి అందించవలసిన పాలు". అది నాకు పాఠశాలలో నేర్పలేదు. చొక్కాలు కుట్టే ఒక మహానుభావుడు నేర్పాడు. ఆయన ఇప్పుడు లేరు. ఆయనకు నా నమస్కారం.

స్వస్తి.